తెల్ల వైనుకు చీటీ ఉంది, తెల్లకల్లుకు ఏదీ?

పండుగ సెలవులు వస్తే ఆత్మకూరు నుంచి జూరాల ఆనకట్ట వైపు వెళ్లే దారిలో కొత్తరకం అతిథులు కనిపిస్తున్నారు. వారు పరాయివారు కారు, హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊరి పిల్లలే. కారు వెనుక మంచుపెట్టె, అందులో ఇటలీ నుంచి దిగుమతి అయిన తెల్ల వైను సీసా. కృష్ణ ఒడ్డున రవ్వ, బొచ్చె చేపలను అప్పటికప్పుడు ఎర్రగా వేయించి ఇచ్చే పాకల ముందు కూర్చుని, పొడవు కాడ ఉన్న గ్లాసును గుండ్రంగా తిప్పి, వాసన చూసి, "ఈ చేపకు ఈ వైనే జోడీ" అంటూ ఫోనులో చిత్రం తీసి నలుగురికీ పంచుతున్నారు. వారిలో కొందరు నా పాత రోగుల మనుమలు. అందుచేత సందేహాలు నేరుగా నా వద్దకే వస్తున్నాయి. "డాక్టరు తాతా, ఇది విస్కీ కాదు కదా, ద్రాక్షరసమే కదా? చాలా తేలికట కదా? గుండెకు మంచిదట కదా?"

మూడింటికీ నా జవాబు కాదనే. అయితే "తాగకండి" అని ఒక్క మాటలో ముగించి పంపించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ మాట నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను, విన్నవారు విన్నారు, విననివారు విననే లేదు. ఈ తెల్ల వైను మోజులో అబద్ధమేదో, నిజంగా నేర్చుకోదగినదేదో విడదీసి చెప్పాలన్నది నా ఉద్దేశం. మన పిల్లలు అబద్ధాన్ని తలకెత్తుకుని, నేర్చుకోవలసినదాన్ని ఇటలీలోనే వదిలి వచ్చారన్నది నా ఫిర్యాదు. ఆ వదిలేసినది ఇక్కడ లేనందువల్ల పాలమూరు మట్టిలో మనుషులు పోతున్నారు. అది చివరకు చెబుతాను. ముందు సీసా సంగతి చూద్దాం.

ఇటలీ ఈశాన్య ప్రాంతపు పినో గ్రీజో, వెనెతో సీమలోని సోవే, ఏడ్రియాటిక్ తీరాన మార్కే సీమలో పండే వెర్దిక్కియో, సార్డీనియా ద్వీపపు వెర్మెంటీనో, టస్కనీలోని సాన్ జిమిన్యానో ఊరి వెర్నాచ్చా: ఇవన్నీ ఈ కోవకు చెందినవే. ద్రాక్షను నలిపిన వెంటనే తొక్కలు తీసివేసి, రసాన్ని మాత్రమే ఉక్కు తొట్లలో చల్లగా పులియబెడతారు. సాధారణంగా కొయ్య పీపాలో మాగనివ్వరు. కోతకు మరుసటి వసంతానికల్లా సీసాల్లోకి ఎక్కించి, ఏడాది రెండేళ్లలో తాగివేయమంటారు. "తాజా" అని వారు అనేది ఈ తొందరను, ఆ రసంలో మిగిలిన పులుపును. ఎనిమిది, పది డిగ్రీల చలువలో పోస్తారు. తెల్లగుడ్డ ముందు గ్లాసు వంచి రంగు చూస్తారు. ఒకసారి తిప్పకుండా, మరొకసారి తిప్పి వాసన పీలుస్తారు. చిన్న గుక్క తీసుకుని నోరంతా కదిలించి పులుపు ఎంత, చేదు ఎక్కడ, రుచి ఎంతసేపు నిలిచింది అని గమనిస్తారు. సోవేలోనూ వెర్దిక్కియోలోనూ చిట్టచివర బాదంపప్పు చేదు లాంటిది ఒకటి తగులుతుందని ప్రసిద్ధి.

ఆ తర్వాత ఏం చేస్తారు? ఉమ్మివేస్తారు. వృత్తిగా రుచి చూసేవారి పక్కన ఉమ్మేందుకు ఒక పాత్ర తప్పనిసరిగా ఉంటుంది. ఒక్క పూటలో పదుల కొద్దీ వైన్లు రుచి చూడవలసినవారు మింగుతూ పోతే నాలుగో గ్లాసుకే నాలుక మొద్దుబారుతుందని వారికి తెలుసు. రుచి చూడటం వేరు, తాగడం వేరు అన్నది ఆ విద్యలో మొదటి పాఠం. మన పిల్లలు కాడ గ్లాసు తెచ్చుకున్నారు, తిప్పడం నేర్చుకున్నారు, పదజాలం బట్టీపట్టారు. ఉమ్మే పాత్ర మాత్రం జూరాల గట్టున నాకు ఎన్నడూ కనిపించలేదు.

పదజాలమన్నాను కనుక ఒక్క మాట. "పచ్చి ఆపిల్, బేరిపండు, తెల్లపూలు" అంటూ రాసినవారిలో ఎంతమంది పచ్చి ఆపిల్ కొరికారో నాకు తెలియదు. ఇటలీవాడు తన పెరట్లోని పండును తలచుకుని ఆ మాట రాశాడు. మన నాలుకకు పులుపంటే చింతచిగురు, పచ్చి మామిడి, చుక్కకూర, దోరరేగు, ఉసిరి. వీటిలో దేని పులుపు ఎలా వస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో పాలమూరులో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. ఆ కొలమానంతో కొలిచి "ఇది చింతచిగురు పులుపు కాదు, దోరమామిడి పులుపు" అని ఒక్కడు రాసి ఉంటే అతడు నిజంగా రుచి చూశాడని నమ్మేవాణ్ణి. అరువు మాటలతో చెప్పేది రుచి కాదు, హోదా.

ఇక జోడీ సంగతి. ఇటలీ తీరంలో చేపను ఉప్పు, ఆలివ్ నూనె, నిమ్మరసంతో వండుతారు. వైనులోని పులుపు అక్కడ మరో నిమ్మచెక్క పనే చేస్తుంది, నూనె జిడ్డును కోస్తుంది, ఉప్పు ఆ పులుపును మెత్తబరుస్తుంది. అది నిజమైన జోడీయే, కాదనను. జూరాల చేప అలాంటిది కాదు. దానికి ఎర్రకారం దట్టంగా పట్టించి, అల్లంవెల్లుల్లి, మసాలా కలిపి నూనెలో వేయిస్తారు. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే కారం "మండుతుంది". ఆల్కహాలు అదే గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. కాబట్టి కారపు చేపతో వైను తాగితే మంట తగ్గదు, పెరుగుతుంది. వైను చల్లగా ఉండటం వల్ల క్షణకాలం ఊరట, వెంటనే రెట్టింపు మంట, దానికోసం మరో గుక్క. భోజనంతో నెమ్మదిగా తాగుతున్నామని వారు అనుకుంటారు. కారం వారిచేత వేగంగా తాగిస్తుంది. మన చేపల పులుసైతే ఇంకా దూరం. చింతపండు పులుపు ముందు ఆ వైను పులుపు తేలిపోయి నీళ్లలా తోస్తుంది. వందల రూపాయలు పోసి కొన్న గుణాన్ని పది పైసల చింతపండు చంపేస్తుందన్నమాట.

ఆ వేపుడుకు సరైన జోడీ ఏదని నన్నడిగితే పలుచని మజ్జిగ అంటాను. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి కాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తొలగిస్తుంది. చేపా పెరుగూ కలిస్తే బొల్లి వస్తుందని మీ అమ్మమ్మ అంటుందని తెలుసు. ఆ భయానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. చేపను చూసి మజ్జిగకు భయపడి, మజ్జిగకు బదులు సారాయికి ధైర్యం చేసిన ఇళ్లను చాలా చూశాను.

"తేలిక" అన్న మాటకు లెక్క చెబుతాను, కాగితం మీద మీరే వేసి చూసుకోవచ్చు. ఈ వైన్లలో ఆల్కహాలు సుమారు పన్నెండు, పన్నెండున్నర శాతం. ఒక మోస్తరు గ్లాసు 150 మిల్లీలీటర్లనుకుంటే అందులో దాదాపు 15 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. మన దుకాణంలో అమ్మే విస్కీలో 42.8 శాతం, అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాములు. "నేను వైను మాత్రమే తాగుతాను" అనే పెద్దమనిషి ఒక్కో గ్లాసుకు ఒకటిన్నర పెగ్గు మింగుతున్నాడు. 750 మిల్లీలీటర్ల సీసా ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 37 గ్రాములు, అంటే దాదాపు నాలుగు చిన్న పెగ్గులు. కాలేయానికి కాడ గ్లాసుకూ స్టీలు గ్లాసుకూ తేడా తెలియదు. మన భాషే ఈ విషయంలో నిజాయితీగా ఉంది. తెలంగాణలో ఏ ఊళ్లో చూసినా సారా దుకాణం బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల అమ్మేది బ్రాందీ, విస్కీ. ఆ బోర్డు రాసినవాడికి తెలిసిన రహస్యం మన చదువుకున్నవారికి తెలియలేదు. అన్నీ ఒకటే.

గుండె కథ 1990ల నాటిది. వెన్న, జున్ను అంతగా తినే ఫ్రెంచివారికి గుండెపోట్లు తక్కువెందుకన్న ప్రశ్నకు వారు తాగే వైనే కారణమని 1991లో అమెరికా టెలివిజను ఒక కథనం ప్రసారం చేసింది, మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో దానిపై వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా పట్టుకుంది. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కల్లోని లొసుగులను ఒక్కొక్కటే బయటపెట్టారు. అతి ముఖ్యమైనది ఇది: "తాగనివారు" అన్న జాబితాలో జబ్బుపడి తాగుడు మానినవారిని కూడా కలిపివేశారు. రోగులతో పోలిస్తే కొద్దిగా తాగే ఆరోగ్యవంతుడు బలంగానే కనిపిస్తాడు కదా. రెస్వెరట్రాల్ అనే పదార్థం గురించీ చాలా విన్నారు. అది ద్రాక్ష తొక్కలో ఉంటుంది, ఎర్ర వైనులోనే లీటరుకు కొన్ని మిల్లీగ్రాములకు మించదు. తొక్క తీసివేసి చేసిన తెల్ల వైనులో ఉండేది నామమాత్రం. అంటే ఆ పాత వాదాన్ని పూర్తిగా ఒప్పుకున్నా అది ఈ సీసాకు వర్తించదు. మరోవైపు ఆల్కహాలును కేన్సరు కారకాల మొదటి శ్రేణిలో అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము, ఇన్ని చోట్ల అది కేన్సరుకు దారితీస్తుంది. ఆరోగ్యానికి హానిలేని మోతాదంటూ ఆల్కహాలుకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. తాగాలనుకున్నవారు ఇష్టమై తాగుతున్నామని చెప్పుకోవచ్చు, అది వారి స్వేచ్ఛ. మందుగా తాగుతున్నామని మాత్రం నా ఎదుట అనవద్దు.

ఇంతవరకూ ఖండించాను. నేర్చుకోవలసినది ఆ సీసాకు అంటించిన చీటీలో ఉంది.

ఆ చీటీ చదవండి. ఏ సీమలో పండింది, ఏ ఏడు కోసింది, ఎవరు సీసాలో నింపారు, ఆల్కహాలు ఎంత శాతం, ఏ విడతలోనిది, అన్నీ ఉంటాయి. ఇటలీలో మూలస్థానాన్ని నియంత్రించే చట్టం 1963లో వచ్చింది. 1966లో ఆ హోదా పొందిన తొలి వైన్లలో నేను పైన చెప్పిన సాన్ జిమిన్యానో వెర్నాచ్చా ఒకటి. ఆ హోదా ఉన్న వైను ఊరికే అంగడికి రాదు. ముందు ప్రయోగశాలలో రసాయన పరీక్ష, ఆపైన నియమిత సంఘం ముందు రుచి పరీక్ష, రెండూ నెగ్గాలి. గమనించండి, అక్కడ రుచి చూడటం వినోదం మాత్రమే కాదు, చట్టంలో ఒక మెట్టు. ప్రయోగశాల ముందు, నాలుక తర్వాత. అత్యున్నత శ్రేణి సీసాల మెడకు ప్రభుత్వం జారీచేసిన వరుససంఖ్యల పట్టీ కూడా ఉంటుంది.

ఇటలీవారు పుట్టుకతో నీతిమంతులని ఈ ఏర్పాటు చేసుకోలేదు. 1986 మార్చిలో చవక వైనులో మిథనాల్ కలిపి అమ్మినందువల్ల అక్కడ ఇరవై మందికి పైగా చనిపోయారు, మరికొందరు చూపు కోల్పోయారు. వైనులో ఆల్కహాలు శాతం పెంచి చూపడానికి వ్యాపారులు చేసిన పని అది. పొరుగు దేశాలు ఇటలీ వైను ట్యాంకర్లను నిలిపివేశాయి, ఎగుమతులు కుప్పకూలాయి, దేశం తలవంచుకుంది. తనిఖీలు బిగించారు, కలిపినవారిని న్యాయస్థానాలకు ఈడ్చారు, 1992లో మూలస్థాన చట్టాన్నే తిరగరాశారు. నేడు మన పిల్లలు జూరాల గట్టున నిశ్చింతగా తాగుతున్న సీసాలోని నమ్మకం ఆ శవాల మీద కట్టినది.

ఇప్పుడు అదే జూరాల గట్టు నుంచి వెనక్కి తిరిగి మన ఊళ్లలోకి రండి. ఈ తెల్ల వైనుకు సాటి అయిన వస్తువు ఇక్కడ తరతరాలుగా ఉంది. తెల్లనిది, పులుపు తీపి కలిసినది, తాజాగా తాగవలసినది, భోజనంతో జోడీ కుదిరేది. అది తాటికల్లు, ఈతకల్లు.

మా చిన్నతనంలో కల్లు రుచి చూడటం తెలిసిన పెద్దలు ప్రతి ఊళ్లో ఉండేవారు. వారి చేతిలో గాజు గ్లాసు ఉండేది కాదు, తాటాకు రేక ఉండేది. గౌడన్న మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కి లొట్టి దింపి రేకలోకి వంచితే, ఒక్క గుక్కతో ఇది పోతుతాడా, పండుతాడా, ఈతా అని చెప్పేవారు. పొద్దుటి గీతా, రాత్రి నిలిచిన కల్లా అని చెప్పేవారు. ఫలానా వాగు ఒడ్డు చెట్టు కల్లు తీయన, ఫలానా గుట్ట మీది చెట్టు కల్లు ఘాటు అన్న పేరు ఉండేది. మూలస్థానమంటే ఇదే కదా? తినుబండారాల్లోనూ పద్ధతి ఉండేది. పొద్దున్నే దింపిన తీపి కల్లుతో ఉప్పు చల్లిన బొబ్బర గుడాలు, వేయించిన పల్లీలు. పొద్దెక్కి పులిసిన కల్లుతో కాల్చిన ఎండుచేప, కారం అద్దిన ఉల్లిగడ్డ, బోటి కూర. ఉప్పు తీపిని పట్టి నిలుపుతుందని, పులుపు కొవ్వును కోస్తుందని వారు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

వారి నాలుకకు పట్టుకొమ్మ కాలం. చెట్టు నుంచి కారే తీపి నీరు లొట్టిలో పడీ పడకముందే గాలిలోని, కుండలోని ఈస్టులూ బాక్టీరియాలూ దానిమీద పని మొదలుపెడతాయి. లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది, అదే నీరా. పూయకపోతే కొద్ది గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది, సాయంత్రానికి పులుపు తిరుగుతుంది, మరునాటికి పులిసి వెనిగరు వాసన పడుతుంది. నిజమైన కల్లు గంట గంటకూ మారుతుంది, మారక తప్పదు.

ఇక మా వైపు దుకాణాల్లో సీసాలకు పోసి అమ్ముతున్న కల్లును చూడండి. పొద్దున ఎలా ఉంటుందో రాత్రి పది గంటలకూ అలాగే ఉంటుంది. ఎండాకాలం ఎలా ఉంటుందో వానాకాలమూ అంతే. సాయంత్రానికి పులియని కల్లు కల్లు కాదు. అది నీళ్లు, శాకరిన్, కాస్త కల్లు వాసన, దానికి తోడు మత్తుమందు. మా జనం దానికి పెట్టిన పేరులోనే నిజం ఉంది, "మందు కల్లు" అంటారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయాజెపాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. చెట్ల లెక్క వేసినా ఇది తేలిపోతుంది. ఊరి చుట్టూ ఉన్న తాళ్లు, ఈతలు ఎన్ని? ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చే కల్లు ఎంత? ప్లాట్లకూ ట్రాక్టర్లకూ చెట్లు బలైపోతుంటే సీసాల సంఖ్య తగ్గకపోగా పెరిగిందంటే మిగతాది ఏ చెట్టు నుంచి కారుతోంది?

ఇక్కడొక కఠినమైన సంగతి చెప్పక తప్పదు. మన పెద్దల నాలుక నీళ్లను పట్టగలదు, శాకరిన్ మిగిల్చే చేదుతీపిని పట్టగలదు. అల్ప్రాజోలాన్ని పట్టలేదు. నిద్రమాత్రగా నేను రోగికి రాసేది అర మిల్లీగ్రాము. ఒక గ్రాములో అటువంటి మోతాదులు రెండు వేలు, ఒక కిలోలో ఇరవై లక్షలు. ఆ పరిమాణం సీసాలో కలిస్తే ఏ నాలుకకూ తెలియదు. మత్తుమందుల చట్టం కింద అల్ప్రాజోలం వంద గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. ఆ వంద గ్రాములే రెండు లక్షల మోతాదులు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలోనే దీన్ని తయారుచేస్తూ పట్టుబడ్డారు, ఆ సరకు పాలమూరు కల్లు దుకాణాలకు వెళుతోందని అధికారులే చెప్పారు. కింద పిల్లలకు పాఠాలు, పైన మా కూలీలకు విషం. అంతకు రెండు నెలల ముందు, జూలైలో, హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి పలువురు చనిపోయారు. అది రాజధాని కనుక వార్త అయింది. మా వైపు తాగి పడిపోయినవారిని "ఎండదెబ్బ" అనో "గుండె ఆగింది" అనో రాసి పంపిన కాగితాలు నా వృత్తి జీవితంలో తక్కువేమీ చూడలేదు.

ఎవరు తాగుతున్నారిది? నాట్లు వేసి వచ్చిన ఆడకూలీ, రాళ్లు కొట్టే మనిషి, వలసపోయి తిరిగివచ్చిన ముసలి దంపతులు. ఒళ్లునొప్పులకు తాగుతారు. నిద్ర పడుతుంది, పడుతుంది మరి, నిద్రమాత్రే కదా వేసుకున్నది. కాడ గ్లాసు తిప్పేవాణ్ణి రసికుడంటాం, మండువలో కూర్చున్నదాన్ని తాగుబోతంటాం. మొదటివాడికి తాను తాగేదేమిటో చెప్పే చీటీ ఉంది, అందులో ఏడాది, ఊరు, శాతం ఉన్నాయి. రెండోదానికి సీసా ఉంది, అంతే. సంస్కారంలో ఇద్దరికీ తేడా లేదు, హక్కులో ఉంది.

డాక్టరు కల్లును వెనకేసుకొస్తున్నాడని అనేవారుంటారు. అయిదు శాతం కల్లు ఒక లీటరు తాగితే లోపలికి పోయే ఆల్కహాలు దాదాపు 40 గ్రాములు, సగం వైను సీసాకు మించి. కల్లు తాగితే మూత్రపిండాల్లో రాళ్లు కరుగుతాయన్న మాటకు ఆధారం లేదు. వైనుకు చెప్పినదే కల్లుకూ చెబుతున్నాను, రెండూ మందులు కావు. ఆల్కహాలు వద్దంటే నీరా ఉంది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది, బాగుంది, కానీ ఆత్మకూరు కూలీ అక్కడికి వెళ్లి తాగడు. కల్లును నిషేధించమని అడగడం లేదు. నిషేధం వచ్చిన రోజు చెట్టు కల్లు ఆగిపోతుంది, చెట్టుతో పనిలేని మందు కల్లు ఆగదు.

నేను అడిగేది చీటీ. ప్రతి కల్లు దుకాణం ముందు ఒక పలక ఉండాలి. ఈ దుకాణానికి ఏ ఊళ్లలో ఎన్ని చెట్లు ఉన్నాయి, గీసేవారు ఎవరు, ఈరోజు ఎన్ని లీటర్లు దిగింది. వారానికొకసారి నమూనా తీసి అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్లకు పరీక్షించి, తేదీతో సహా ఫలితం అదే పలక మీద అంటించాలి. నాలుక చేయలేని పని ప్రయోగశాల చేయాలి, ఇటలీలో లాగే ముందు అది, తర్వాతే రుచి. నమూనా తీసుకుని నెలల తర్వాత ఎక్కడో ఫైలులో ఫలితం రాసుకోవడం పరీక్ష కాదు. దొరికినప్పుడు చెట్టెక్కే గౌడన్నను కాక, సంచి పంపినవాడిని, సంచి తయారుచేసినవాడిని పట్టాలి. గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకోకుండా 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. ఎక్కేవాడికి కవచం ఇచ్చారు, తాగేవాడికి పలక ఇవ్వలేరా? వైను సీసాతో జూరాలకు వచ్చే మా చదువుకున్న పిల్లలకు నా అభ్యర్థన కూడా ఇదే. ఫోనులో చేప చిత్రం పెట్టే వేళ్లతోనే మీ ఊరి దుకాణంలో చెట్ల లెక్క చెప్పమని ఒక సమాచార హక్కు దరఖాస్తు రాయండి. పది రూపాయల పని.

ఇది చదివి ఇంట్లోవాళ్లను రేపటి నుంచే కల్లు మానిపిద్దామనుకునేవారికి వైద్యుడిగా ఒక హెచ్చరిక. రోజూ మందు కల్లు తాగేవారిని ఒక్కసారిగా ఆపకండి. 2015 సెప్టెంబరులో తనిఖీలు పెరిగి ఈ కల్తీ సరఫరా హఠాత్తుగా ఆగినప్పుడు నిజామాబాదు, మెదకు, పాలమూరు ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. అల్ప్రాజోలం అలవాటైన శరీరానికి అది అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చెమటలు, లేనివి కనిపించడం, పొంతనలేని మాటలు మొదలవుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. డయాజెపాం అయితే ఇవే లక్షణాలు కొన్ని రోజులు ఆలస్యంగా, వారం తర్వాత కూడా కనిపిస్తాయి. పిచ్చి పట్టిందనో గాలి సోకిందనో తాయెత్తులకు తిరగకండి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి, రోజూ కల్లు తాగే మనిషి అని, చివరిసారి ఎప్పుడు తాగాడో దాచకుండా చెప్పండి. మోతాదు లెక్కగట్టి, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించే పద్ధతి వైద్యులకు తెలుసు. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గానీ తాళంచెవి గానీ పెట్టకండి, నీళ్లు పోయకండి, 108కి ఫోన్ చేయండి. దగ్గరలో సలహా చెప్పేవారు లేకపోతే 14416 అనే టెలీ మానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. తాగిన సీసాలో కాస్త మిగిలి ఉంటే పారబోయకుండా మూతపెట్టి ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లండి.